అప్‌డేట్: మేనత్త రాట్నాన్ని చివరికి ఏం చేశామంటే

ఖద్దరుకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడుకుతూ జీవితం గడిపిన మా మేనత్త కాలం చేశాక, ఆమె రాట్నాన్నీ, పత్తి దువ్వే చేప దవడలనూ ఏం చేయాలని కిందటిసారి అడిగాను. అద్దాల పెట్టెలో భద్రపరచమని ఎక్కువమంది సలహా ఇచ్చారు గానీ, పనిముట్టును అలంకారంగా చూడటానికి నాకూ, ఆమె కొడుకైన మా బావకూ మనసొప్పలేదు.

రాట్నాన్ని అదే వీధిలో ఇప్పటికీ వడుకుతున్న ఒక పెద్దావిడకు ఇచ్చాం. 24 ఆకుల (చక్రపు పుల్లల) ఆ చక్రాన్నీ, నూలు చుట్టుకునే కదురునూ ఒకసారి తిప్పి చూసి, "కదురు వంగింది, సరిచేయించుకుంటానులే" అని మాత్రం అన్నారు.

వాలుగ చేప దవడలను మేమే ఉంచుకున్నాం. ఆ సన్నని పళ్ల వరుసతో అత్త కొండపత్తిని గింజ మీదనే దువ్వుతుంటే, నలక రాలిపోయి పోగు నిగనిగలాడుతూ బయటపడటం చిన్నప్పుడు నేను కళ్లార్పకుండా చూసేవాణ్ణి. నూరో నంబరు నూలుకు, అంటే చాలా సన్నని నూలుకు, మూలం ఆ దువ్వడమేనని అత్త గట్టిగా నమ్మేది (ఆ చేప కూర మాత్రం ముట్టేది కాదు).

ఎండిన అరటి దొప్పలో మిగిలిన ఏకులను (వడకడానికి చుట్టి ఉంచిన దూది వత్తులను) ఆ పెద్దావిడే వడికి ఇస్తానన్నారు. ఆ నూలు పంచెకు చాలదు కనుక, సంవత్సరికం నాటికి బావకు ఒక కండువా నేయించాలనుకుంటున్నాం. పడుగుకు (నిలువు పోగులకు) వేరే నూలు కొనాలనీ, పేకకు (అడ్డు పోగులకు) మాత్రం అత్త ఏకులు సరిపోతాయనీ నేతగాడు చెప్పాడు.