ఏటీవీని చట్టబద్ధంగా నడపడానికి విజయవాడ దగ్గర చోటు ఉందా?

ప్రశ్న (విజయవాడ):
నమస్కారం. నేను, మా తమ్ముడు కలిసి ఒక ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద కూడా నడిచే చిన్న బండి) కొన్నాము. కొండపల్లి అడవిలో గానీ, వేసవిలో బయటపడే కృష్ణ ఇసుక తిన్నెల మీద గానీ దీనిని నడపవచ్చునా? ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నదే మా కోరిక.

జవాబు (గుంటూరు):
కొండపల్లి రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండితో ప్రవేశించడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరమండీ. బాట కనిపించినంత మాత్రాన అది అందరిదీ కాదు. నదీగర్భం ప్రభుత్వ భూమి, పైగా లంకల్లో రైతుల పంటలుంటాయి. దయచేసి అటు వెళ్ళకండి.

జవాబు (మంగళగిరి):
సొంత భూమిగానీ, యజమాని రాతపూర్వకంగా అనుమతించిన మెట్ట బీడుగానీ ఉత్తమం. ఆ పొలం కౌలుకిచ్చి ఉంటే కౌలు రైతును కూడా తప్పక అడగాలి, ఎందుకంటే నష్టపోయేది ఆయనే. వాన పడిన నల్లరేగడిలో చక్రాల గాడులు లోతుగా పడి, ఎండాక రాయిలా బిగుసుకుంటాయి కనుక ఆ రోజుల్లో మానుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు. చిన్న ట్రక్కులో తీసుకువెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నూజివీడు వైపు మా మేనమామగారికి మెట్ట భూమి ఉంది; ఆయనతోనూ, కౌలుదారుతోనూ మాట్లాడతాము.