అప్‌డేట్: సీసాల లెక్క మైనస్‌లోకి ఎందుకు పోయిందో దొరికింది

మా ఫిల్లింగ్ లైన్‌లో సీసాల కౌంట్ రోజూ ఉదయం పదిన్నర దాటగానే మైనస్ 32768 చూపిస్తోందని అడిగాను కదా. సెన్సర్ పాడైందేమోనని రెండుసార్లు మార్చాం కూడా. తప్పు సెన్సర్‌ది కాదు, నాది.

లైన్‌ని నడిపే కంట్రోలర్‌లో సీసాల లెక్క దాచే కౌంట్ ట్యాగ్‌ని (వేరియబుల్) ఇంట్‌గా, అంటే చిన్న పూర్ణసంఖ్య రకంగా పెట్టాను. అది 16 బిట్లు, గరిష్ఠం 32767; అది దాటితే లెక్క మైనస్‌లోకి తిరుగుతుంది. లైన్ నిమిషానికి 120 సీసాలు. ఆరింటికి షిఫ్ట్ మొదలైతే నాలుగున్నర గంటల్లో నిండిపోతుంది. లెక్క వేసి చూసుకుంటే సిగ్గేసింది.

మీలో ఒకరు చెప్పినట్టే డింట్‌కి (32 బిట్ల పూర్ణసంఖ్య రకం) మార్చాను. ఇప్పుడు పరిమితి 214 కోట్ల పైమాటే. మెమరీ పెరుగుతుందని భయపడ్డాను గానీ, మా కంట్రోలర్ కంట్రోల్‌లాజిక్స్. అందులో విడి ట్యాగ్ ఇంట్ అయినా 4 బైట్లే తింటుంది. పైగా డింట్ లెక్కలే వేగం, ఇంట్ అయితే ప్రతిసారీ మార్పిడి పని అదనం. అంటే ఇన్నాళ్లూ నేను ఆదా చేసింది సున్నా! పొదుపు కనిపించేది అర్రేల్లోనే (ఒకే రకం విలువల వరుసలు): 100 ఇంట్‌లు 200 బైట్లు, 100 డింట్‌లు 400. అందుకే రెసిపీ సెట్టింగ్‌ల అర్రేని ఇంట్‌గానే వదిలేశాను.

మార్చాక ఇంకో టెన్షన్. స్కాడాలో (లైన్ వివరాలు తెరపై చూపించే సాఫ్ట్‌వేర్) ఒక్క సీసాకి 65536 అని వచ్చింది. స్కాడాకి డేటా వెళ్లే మాడ్‌బస్ ప్రోటోకాల్‌లో ఒక్కో రిజిస్టర్ (విలువ పెట్టే గడి) 16 బిట్లే కాబట్టి డింట్‌కి రెండు కావాలి, అవి తారుమారయ్యాయి. స్కాడాలో వర్డ్ స్వాప్ (ఆ రెండింటి వరస మార్చే ఆప్షన్) టిక్ పెట్టాను, సరిపోయింది. నిన్న షిఫ్ట్ అయ్యేసరికి 56,412.