స్టేటస్ రిపోర్టు కృత్రిమ మేధే రాస్తుంటే ప్రాజెక్టు మేనేజరు చేయవలసిన పని ఏమిటి?

ప్రశ్న

నేను 11 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతున్నాను. నిరుటి వరకు మీటింగుల మినిట్స్‌కూ, స్టేటస్ రిపోర్టుకూ, రిస్క్ రిజిస్టరుకూ (ఎదురుకాగల ఇబ్బందుల పట్టిక) వారంలో రెండు రోజులు పట్టేవి. ఇప్పుడు ఆ మూడింటికీ కృత్రిమ మేధ చిత్తుప్రతి తయారు చేస్తోంది, నేను చదివి దిద్దుతున్నాను. 2030 నాటికి ప్రాజెక్టు నిర్వహణ పనుల్లో 80 శాతం దీనివల్ల కనుమరుగవుతాయని గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ 2019లో అంచనా వేసినప్పుడు నేను నమ్మలేదు కానీ, ఇప్పుడు కొట్టిపారేయలేకపోతున్నాను.

అయితే ఈమధ్య జరిగిన ఒక సంగతి నన్ను కలవరపెట్టింది. విడుదల తేదీకి ఇబ్బంది లేదని టూల్ వరుసగా మూడు వారాలు చెప్పింది. నాలుగో వారంలో చూస్తే డేటా మైగ్రేషన్ (పాత వ్యవస్థలోని సమాచారాన్ని కొత్తదానికి తరలించడం) మొదలే కాలేదు. ఆ పని చూస్తున్న అమ్మాయి, వేరే బృందం అనుమతి కోసం ఎదురుచూస్తూ, టికెట్టును, అంటే టూల్ చూసే పని నమోదును, ‘జరుగుతోంది’ అన్న స్థితిలోనే ఉంచేసింది. రిపోర్టు నేనే రాసే రోజుల్లో అయితే, రాయడం కోసమైనా వెళ్లి ఆమెను అడిగి ఉండేవాణ్ని. అది దానంతటదే వస్తున్నందువల్ల వెళ్లలేదు. ఇతర వృత్తులవారికి ఇలాంటిది ఎదురైందా?

జవాబు 1 (నిర్మాణ రంగంలో షెడ్యూలర్)

మా రంగంలో లెక్క యంత్రానికి అప్పగించడం కొత్త కాదు. డ్యూపాంట్ అనే అమెరికా రసాయన సంస్థలో క్రిటికల్ పాత్ పద్ధతి (ఏ పనులు ఆలస్యమైతే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమవుతుందో లెక్కగట్టేది) 1957 ప్రాంతంలో రూపుదిద్దుకున్నప్పుడే ఆ లెక్కలు కంప్యూటరు మీద వేశారు. కానీ ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో మాత్రం ఆ పని తెలిసిన మనుషులే చెప్పేవారు. ఇప్పుడు ఆ రోజుల సంఖ్యను కూడా పాత ప్రాజెక్టుల రికార్డుల నుంచి టూల్ తీసుకుంటోంది. ఆ రికార్డులు ఎలా తయారయ్యాయో మనకు తెలుసు కదా: నెలాఖరున కూర్చుని, గుర్తున్నంత మేరకు, పై అధికారికి నచ్చే తేదీలు వేసినవి వాటిలో చాలా ఉంటాయి.

అందుకే నేను టూల్ అంచనా చూడకముందే, పని చేసేవారిని విడిగా అడిగి వారి అంచనా రాసుకుంటాను. రెండింటికీ ఎక్కడ పొంతన కుదరదో ఆ పని దగ్గరికే ముందు వెళ్తాను. మీ బృందంలోని ఆ అమ్మాయిని ఇలా అడిగి ఉంటే, అనుమతి సంగతి మొదటి వారమే బయటపడేది.

జవాబు 2 (న్యాయవాది)

మా వృత్తిలో దీని పర్యవసానం బహిరంగంగానే కనిపించింది. చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పులను ఉటంకిస్తూ కోర్టుకు పత్రం సమర్పించినందుకు 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. చిత్తుప్రతి ఎవరు రాసినా, సంతకం చేసినవారే ప్రతి తీర్పునూ మూలంలో చదవాలన్నది ఇప్పుడు మా నియమం.

నా బెంగ మరొకటి. పాత తీర్పులు వెతికీ, దస్త్రాలు తిరగేసీ మేము పని నేర్చుకున్నాం. ఆ చాకిరీ జూనియర్లకు లేకుండా పోతే, తప్పును పట్టే చూపు వారికి ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు 3 (కస్టమర్ సపోర్టు బృందం బాధ్యురాలు)

జూనియర్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. 5,000 మందికి పైగా సపోర్టు ఉద్యోగులను పరిశీలించి 2023లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనంలో, కృత్రిమ మేధ సూచనలతో గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవారిలో ఆ పెరుగుదల 34 శాతం, అనుభవజ్ఞుల్లో దాదాపు ఏమీ లేదు. సీనియర్లు మాట్లాడే పద్ధతి సూచనల రూపంలో కొత్తవారికి అందిందన్నమాట. మా బృందంలోనూ అదే చూశాను. అయితే సూచన రాని ప్రశ్న ఎదురైతే వారు తడబడుతున్నారు గనుక, వారానికి ఒక పూట టూల్ లేకుండా పని చేయిస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. షెడ్యూలర్ గారు చెప్పిన పద్ధతి మొదలుపెడతాను. కానీ బృందంలో 22 మంది ఉన్నారు. అందరినీ ప్రతి వారం అడగడం కుదరదు, ఎవరితో మొదలుపెట్టాలి?

జవాబు 1 (నిర్మాణ రంగంలో షెడ్యూలర్)

ఐదు రోజులుగా ఒక్క అక్షరం కూడా మారని టికెట్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. ‘జరుగుతోంది’ అని ఉన్నా సరే, ముందు వారి దగ్గరికే వెళ్లండి. వెళ్లినప్పుడు ఎంత శాతం అయిందని అడగకండి, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారని అడగండి.