మౌర్యుల కాలం సీరియళ్లు: ఏ తప్పు క్షమించాలి, ఏది కూడదు? (నలుగురి చర్చ, పేర్లు వాళ్లు పెట్టుకున్న మారుపేర్లు)

కార్షాపణం: ఈ సీరియళ్లు చూసినవాళ్లు ‘చరిత్ర పాడుచేశారు’ అంటే, తీసినవాళ్లు ‘ఇది కథ, పాఠం కాదు’ అంటున్నారు. కథ కోసం మార్చినదాన్ని ఒప్పుకుందాం, పట్టించుకోక వదిలేసినదాన్ని ఎందుకు ఒప్పుకోవాలి? చంద్రగుప్తుడి సభలో రాజు బొమ్మ ఉన్న గుండ్రటి బంగారు నాణేలు గుమ్మరిస్తారు. అప్పుడు చెలామణి అయినవి కార్షాపణాలనే వెండి ముక్కలు. ఒక్కోటి దాదాపు 3.4 గ్రాములు, బరువు సరిపోవడానికి మూలలు కత్తిరించి ఉంటాయి. ఒకవైపు సూర్యుడు, కొండ లాంటి ఐదు ముద్రలు విడివిడిగా కొట్టి ఉంటాయి, అక్కడక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కనిపిస్తాయి. రాజు ముఖం ఉండదు. రేకు ముక్కల మీద ఐదు అచ్చులతో కొట్టిస్తే చాలు, ఖర్చేమీ పెరగదు.

తెరవెనుక: నాణేలు సరే, గుర్రాల మాటేంటి? అప్పట్లో రికాబులు, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే పట్టెలు, లేవు, నిజమే. అవి తీసేస్తే నటుడు తొడల బిగింపుతోనే నిలబడాలి, దౌడులో కత్తి విసిరాడంటే పక్కకి జారతాడు. రోజూ ఎపిసోడ్ వెళ్లాల్సిన చోట అంత శిక్షణకి టైముండదు. జాకెట్లూ అంతే. దీదార్‌గంజ్ యక్షి అనే పాత రాతి స్త్రీ విగ్రహంలో ఉన్నట్టే, నడుము పైన వస్త్రం లేకుండా చూపిస్తే టీవీలో వెయ్యనివ్వరు.

కార్షాపణం: రెండూ న్యాయమే. రికాబుని మాత్రం దాచొచ్చు. జీను కింద నుంచి మడమ దాకా గుడ్డ వేలాడదీసి, ఎగరకుండా అంచులో బరువు కుట్టించండి. దగ్గరి షాట్లు నడుము పైనుంచి తీయండి.

శాసనం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది రాత. చాణక్యుడు కాగితం విప్పితే దేవనాగరి! ఆ లిపి రూపు దిద్దుకోవడానికి ఇంకా వెయ్యేళ్ల పైనే ఉంది. చంద్రగుప్తుడి మనవడు అశోకుడి శాసనాలు బ్రాహ్మి లిపిలో ఉన్నాయి, మన ఎర్రగుడిలోనే చూడొచ్చు. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్, ఇక్కడివాళ్లు దట్టంగా నేసిన గుడ్డ మీద ఉత్తరాలు రాస్తారన్నాడు. గుడ్డకి గంజి పెట్టి, ఆరాక నున్నటి రాయితో రుద్దండి, సిరా పాకదు. నియార్కస్ చెప్పిన విల్లు ఇంకా బాగుంటుంది. మనిషంత పొడవు. నేలమీద ఆనించి, ఎడమ పాదంతో అదిమి, నారి బాగా వెనక్కి లాగి వదిలేవారు. బాణం మూడు మూరలకి కాస్త తక్కువ. ఇంత గొప్ప దృశ్యాన్ని వదిలేసి బొమ్మ విల్లులు పట్టిస్తారెందుకో!

పట్టాభిషేకంలో బంతిపూల దండలు కూడా వద్దు. బంతి అమెరికా ఖండాల మొక్క. తామరలు, మల్లెలు ఉన్నాయిగా.

కథారసం: మీరంతా వస్తువుల దగ్గరే ఆగారు. అలెగ్జాండర్ తర్వాత రాజైన గ్రీకు సేనాని సెల్యూకస్‌తో చంద్రగుప్తుడి సంధి తీసుకోండి. ఆయనకి 500 ఏనుగులు వెళ్లాయి, వివాహ సంబంధం కుదిరింది. పెళ్లి గురించి పాత గ్రీకు రచనల్లో ఉన్నది ఇంతే, వధువు పేరు లేదు. సీరియల్ ఆమెని హెలెనా చేసి ప్రేమకథ అల్లింది. కార్షాపణం గారి లెక్కన ఇది ‘కథ కోసం మార్పు’ గనక ఒప్పేసుకోవాలి. కానీ నాణెం ఎవరికీ గుర్తుండదు, హెలెనా పేరు మాత్రం పిల్లలు పరీక్షలో రాసేస్తారు.

తెరవెనుక: పేరు లేని నాయికని ఏమని పిలుస్తారండీ?

కథారసం: పేరు పెట్టొద్దనడం లేదు. మొదట్లో గబగబా జారిపోయే ‘కల్పితం’ హెచ్చరికతో లాభం లేదు. ఆమె తెరమీదికి వచ్చిన ఎపిసోడ్ చివర ఒక్క వాక్యం వెయ్యండి: ‘ఈ పేరు, ఈ ప్రేమ మా కల్పన.’ విషకన్య వచ్చిన రోజు, అది శతాబ్దాల తర్వాతి ముద్రారాక్షసం నాటకంలోదని చెప్పండి.

కార్షాపణం: ఆ వాక్యానికి ఒప్పుకుంటాను. నాణెం గుర్తుండదన్న మాటకి మాత్రం ఒప్పుకోను.