10 మీటర్లకు మార్చిన సీబీ సెట్: ఫ్రీక్వెన్సీ నిలబడటం లేదు

గ్యారేజీ_షాక్ (డాలస్ దగ్గర):
నమస్తే అండీ. హ్యామ్‌ఫెస్ట్‌లో (హ్యామ్ రేడియో వాళ్ల సంతలో) కొన్న పాత 40 చానళ్ల ఏఎం/ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) సీబీ సెట్‌ని, అంటే సిటిజన్స్ బ్యాండ్ రేడియోని, 10 మీటర్ల హ్యామ్ బ్యాండ్‌కి మార్చాను. నాది టెక్నీషియన్ లైసెన్స్ (అమెరికా హ్యామ్ లైసెన్సుల్లో మొదటి మెట్టు), కాబట్టి వాడేది 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ మధ్యే. 27 మెగాహెర్ట్జ్ సీబీ బ్యాండ్‌లో ఇక ఆ సెట్ వాడను, దయచేసి ఆ చర్చ మొదలుపెట్టొద్దు.

క్లారిఫయర్ (పాట్ తిప్పి, వరాక్టర్ డయోడ్ మీద వోల్టేజీ మార్చి ఫ్రీక్వెన్సీని కాస్త జరిపే నాబ్) మామూలుగా రిసీవ్‌ని మాత్రమే కదుపుతుంది కదా. ట్రాన్స్‌మిట్ కూడా కదిలేలా వైరింగ్ మార్చాను. రేంజ్ చాలక క్రిస్టల్‌కి సిరీస్‌లో చిన్న ఫెర్రైట్ స్లగ్ కాయిల్ పెట్టాను. ఇప్పుడు మొత్తం 5 కిలోహెర్ట్జ్ తిరుగుతోంది, బాగానే ఉంది. కానీ 28.400లో అవతలివాళ్లు "మాట వణుకుతోంది" అంటున్నారు. పైగా కాసేపు వాడితే నెమ్మదిగా కిందికి జారిపోతోంది. ఆగస్టులో మా గ్యారేజీ సంగతి టెక్సస్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సెట్లోని 10.240 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ క్రిస్టల్ తీసేసి టీసీఎక్స్ఓ (వేడికి తనే సర్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్) వేస్తే సరిపోతుందా?

హైదరాబాద్_హోమ్‌బ్రూ:
ఈ రోజుల్లో ఇంకా వరాక్టర్ ఏంటి బాస్! ఎస్ఐ5351 (డిజిటల్‌గా ఫ్రీక్వెన్సీ పుట్టించే చిప్) బోర్డు, దాన్ని నడపడానికి ఒక ఆర్డుయినో నానో పెట్టెయ్యండి. మన హైదరాబాద్ ఫర్హాన్ గారి బిటెక్స్40 హ్యామ్ సెట్ కూడా మొదట పాట్ తిప్పి వరాక్టర్‌తో ట్యూన్ చేసే వీఎఫ్ఓతోనే (ఫ్రీక్వెన్సీ మార్చుకునే ఆసిలేటర్) వచ్చింది, తర్వాత రాడుయినో బోర్డుతో డిజిటల్ అయిపోయింది. దారి అదే.

పాత_సోల్డర్ (విజయవాడ):
తమ్ముడూ, బిటెక్స్ సంగతి వేరు. ఈ సెట్లో ఇప్పటికే పీఎల్ఎల్ (చానళ్ల ఫ్రీక్వెన్సీలు తయారుచేసే సర్క్యూట్) ఉంది. దాని పక్కన స్క్వేర్ వేవ్ ఇచ్చే చిప్ పెట్టి, ఫిల్టర్ లేకుండా మిక్సర్‌కి తోస్తే స్పర్లు (అక్కర్లేని సిగ్నళ్లు) ఏరుకోవడానికే ఆదివారాలు సరిపోతాయి. మామూలు క్రిస్టల్ ఉన్న ఎస్ఐ5351 కూడా వేడికి కదులుతుంది, కాకపోతే తక్కువ.

గ్యారేజీ గారూ, టీసీఎక్స్ఓ ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మాటతో పాటు వణికి, మాట ఆగగానే మళ్లీ చోటికి వచ్చేది వోల్టేజీ గొడవ. నెమ్మదిగా జారి తిరిగి రానిది వేడి. 10.240 మార్చితే ఈ రెండూ పోవు, ఎందుకంటే మీరు చెయ్యి పెట్టింది వేరే క్రిస్టల్ మీద. కొన్ని సెట్లలో ఆ క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని రెండింతలో మూడింతలో చేసి వాడతారు. అప్పుడు అక్కడ 50 హెర్ట్జ్ జారితే గాల్లో 100, 150 అవుతుంది.

ముందు వణుకు చూద్దాం. పాట్ పై కాలు ఎక్కడికి కలిపారు? నేరుగా 13.8 వోల్టుల సప్లై లైన్‌కే అయితే దొంగ దొరికినట్టే. ఎస్ఎస్‌బీలో ప్రతి అక్షరానికీ కరెంటు ఎగిరిపడుతుంది, లైన్ వోల్టేజీ కాస్త కుంగుతుంది, ఆ కుంగుడు వరాక్టర్‌కి చేరి ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. పాట్ దగ్గరే ఒక 78ఎల్08 (8 వోల్టుల రెగ్యులేటర్) పెట్టండి, దాని రెండు వైపులా 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు కాళ్లకి ఆనించి వెయ్యండి. పాట్ వైపర్ నుంచి వరాక్టర్‌కి వెళ్లే దారిలో 100 కిలోఓమ్‌ల రెసిస్టర్. అయినా వణికితే యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (పవర్‌ని గాల్లోకి పంపకుండా మింగేసే రెసిస్టర్) పెట్టి మాట్లాడండి. డమ్మీ లోడ్ మీద వణుకు పోతే అది యాంటెన్నా నుంచి ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) సెట్లోకి వెనక్కి వస్తున్నట్టు, రెగ్యులేటర్ దానికి మందు కాదు.

ఇక వేడి. నా అనుమానం మీ ఫెర్రైట్ కాయిల్ మీదే. క్రిస్టల్‌ని ఎంత లాగితే దాని స్థిరత్వం అంత పోతుంది. 5 కిలోహెర్ట్జ్ ఎందుకండీ? 10 కిలోహెర్ట్జ్ దూరంలో ఇంకో చానల్ ఉందని కక్కుర్తా? మూడుకి తగ్గించండి, పసుపు రంగు టీ50-6 టోరాయిడ్ (ఇనుప పొడితో చేసిన చిన్న రింగు) మీద చుట్టండి, చుట్లు కదలకుండా మైనం వెయ్యండి. చుట్టుపక్కల కెపాసిటర్లు ఎన్‌పీ0 (వేడికి విలువ మారని) రకమే ఉండాలి. పాత డబ్బాలో దొరికిన గుర్తు తెలియని గోధుమ రంగు బిళ్లలు వద్దు. పాట్ కింది కాలుకీ గ్రౌండ్‌కీ మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, వరాక్టర్ మీద 2 వోల్టుల కంటే తగ్గకుండా చూడండి. తక్కువ బయాస్‌లో (వోల్టేజీలో) ఆ డయోడ్ వేడికి మరీ ఎక్కువ కదులుతుంది.

గ్యారేజీ_షాక్:
పై కాలు 13.8కే ఉంది సార్. 78ఎల్08 వేశాక వణుకు పోయింది, ఒహైయో స్టేషన్ కూడా క్లీన్ అన్నాడు. జారడం మాత్రం అలాగే ఉంది. ఏ పార్ట్ వల్లో నమ్మకంగా ఎలా పట్టుకోవాలి?

పాత_సోల్డర్:
ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న రిసీవర్) ఉంటే ముందు దాన్ని వేడెక్కనిచ్చి, కొలరాడో నుంచి వచ్చే డబ్ల్యూడబ్ల్యూవీ (కచ్చితమైన ఫ్రీక్వెన్సీ పంపే ప్రామాణిక స్టేషన్) 10 మెగాహెర్ట్జ్‌తో సరిచూసుకోండి. లేకపోతే డాంగిల్ జారుతోందో సెట్ జారుతోందో తేలదు. తర్వాత వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా కనిపించే తెర) మీ క్యారియర్ గీత చూస్తూ, ఐసోప్రొపైల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌ని ఒక్కో పార్ట్‌కి తాకించండి. గీత ఎక్కడ వంకర తిరిగితే అదే. కాయిల్, డయోడ్, కెపాసిటర్లు అన్నీ విడివిడిగా చూడండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, బోర్డు మొత్తం ఒకేసారి వేడెక్కి ఏదీ అర్థం కాదు.

హైదరాబాద్_హోమ్‌బ్రూ:
సరే అన్నా, ఇయర్‌బడ్ ఐడియా కొట్టేస్తున్నా. నా 40 మీటర్ల వీఎఫ్ఓకి కూడా పని ఉంది.

గ్యారేజీ_షాక్:
కాయిలే! తడి దూది తగలగానే గీత 200 హెర్ట్జ్ పైకి లేచింది. కెపాసిటర్లలో ఒకటి మాత్రం కొంచెం కదిలింది, మిగతావి మెదల్లేదు. టోరాయిడ్ ఆర్డర్ పెట్టాను. ఎన్ని చుట్లు వెయ్యమంటారు? పాత కాయిల్ విలువ కొలిచే మీటర్ నా దగ్గర లేదు.

పాత_సోల్డర్:
టీ50-6కి చుట్ల సంఖ్యని వర్గం చేసి 0.004తో గుణిస్తే మైక్రోహెన్రీలు వస్తాయి. 30 చుట్లకి 3.6. అక్కడ మొదలుపెట్టి, రేంజ్ 3 కిలోహెర్ట్జ్ దాటితే ఒక్కో చుట్టు విప్పుకుంటూ రండి. తీగ చివర కొంచెం ఎక్కువే ఉంచుకోండి. 73 (హ్యామ్ భాషలో శుభాకాంక్షలు).