పాత తెలుగు వర్డ్ ఫైల్ తెరిస్తే అంతా పిచ్చి గీతలే, ఏం చెయ్యాలి?

తెనాలి పిల్ల:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారు రిటైర్డ్ తెలుగు మాస్టారు, 2008లో ఆయన పద్యాలన్నీ ఊళ్ళో డీటీపీ షాపులో టైప్ చేయించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారు, ఇప్పుడు ఆ షాపే లేదు. నిన్న కొత్త లాప్‌టాప్‌లో ఆ వర్డ్ ఫైల్ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, డాలర్ గుర్తులు, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, అంతా అదే. వైరస్ తినేసిందేమో అని నాన్న రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. తమ్ముడేమో కరప్ట్ అయింది, డిలీట్ చేసెయ్ అంటున్నాడు. ఏమైనా దారుందా?

గోదారోడు:
ముందు మీ తమ్ముడి చేతిలో మౌస్ లాక్కోండి 😀 ఫైల్‌కి ఏం కాలేదండి. అది "అను" అని డీటీపీ షాపుల్లో వాడే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టింది అయ్యుంటుంది. ఇప్పుడు ఫోన్లో మనం కొట్టేది యూనికోడ్, అందులో "క" కి దాని సొంత నంబర్ ఉంటుంది, ఎక్కడికి పంపినా "క" నే. అను లాంటి పాత ఫాంట్లలో అలా కాదు, ఇంగ్లీషు అక్షరాల సీట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారంతే, ఫాంట్ లేని సిస్టంలో బొమ్మ పోయి సీటు కనిపిస్తుంది. వర్డ్‌లో ఆ చెత్త మీద క్లిక్ చేసి పైన ఫాంట్ డబ్బాలో ఏం పేరుందో చూడండి, ఫాంట్ లేకపోయినా పేరు మాత్రం చూపిస్తుంది. ఏం చేసినా కాపీ తీసుకుని దాని మీదే చెయ్యండి, అసలుది ముట్టుకోవద్దు.

డీటీపీ బాబాయ్:
పై తమ్ముడు చెప్పింది కరెక్టే. ఫాంట్ వేసుకుంటే మీ ఒక్క సిస్టంలో కనిపిస్తుంది, వాట్సాప్‌లో పెట్టాలంటే మళ్ళీ మొదటికే. అందుకని యూనికోడ్‌కి మార్చుకోండి, నెట్‌లో కన్వర్టర్లు ఫ్రీగా దొరుకుతాయి, మీది అను ఫాంట్‌లో ఏ వెర్షనో సరిగ్గా ఎంచుకోవాలి. మార్చాక ఒత్తులు చూసుకోండమ్మా, క్రావడి పక్క అక్షరానికి పోతుంది, ఒక్కోసారి అసలే ఉండదు, వర్డ్ దాన్ని పట్టుకోదు, మనిషి కూర్చుని చదవాల్సిందే. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా, నాకే తప్పుతుంది.

నైట్ షిఫ్ట్:
పాత ప్రింట్ కాగితాలు ఉంటే ఇంకో దారి. ఫోన్‌తో తిన్నగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్లో రైట్ క్లిక్ కొట్టి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చేస్తే కింద తెలుగు టెక్స్ట్ వచ్చేస్తుంది, పేజీ నలిగి ఉంటే తప్పులొస్తాయి అనుకోండి. ఇకమీద కొత్త పద్యాలకి షాపులెందుకు, విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ (ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది) ఉంది, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్‌కి వెళ్ళి తెలుగు యాడ్ చేసి, దాని ఆప్షన్స్‌లో ఆ కీబోర్డ్ కలుపుకోండి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారిపోతుంది.

తెనాలి పిల్ల:
అందరికీ చాలా థాంక్స్ అండి, డబ్బాలో అను ఫాంట్ పేరే, "అనుపమ" అని ఉంది! కాపీ తీసి కన్వర్ట్ చేశా, నూటికి తొంభై వచ్చేసింది. తప్పులు నేను వెతకక్కర్లేదు బాబాయ్ గారూ, నాన్న పైకి చదువుతూ "ఇక్కడ గణం తప్పింది, నేనలా రాయనే" అని ఆగుతున్నారు, చూస్తే ఒత్తు ఎగిరిపోయి ముందక్షరం గురువు కాస్తా లఘువై కూర్చుంది. ఇప్పటికి పదకొండు దొరికాయి.