మండల చరిత్ర రాయడానికి అమెరికా కౌంటీ పుస్తకాలు నమూనాగా పనికొస్తాయా?

కుందూగట్టు (ప్రొద్దుటూరు):
జమ్మలమడుగు వైపు ఒక మండలానికి 200 పేజీల చరిత్ర పుస్తకం తేవాలని పని మొదలైంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ (పాత పుస్తకాలు దొరికే సైటు)లో చూస్తే అమెరికా కౌంటీ (మన జిల్లా లాంటిది) చరిత్రలు కుప్పలుగా ఉన్నాయి, కొన్ని వెయ్యి పేజీలకు తక్కువ లేవు. వాటిలో ఏ రకం చూడాలి, ఏ భాగం నమ్మకూడదు? ఊళ్ల వరుసన రాయాలా, కాలం వరుసన రాయాలా? ముందే చందాలు తీసుకొని అచ్చు వేద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. అది మంచిదేనా?

హంద్రీ (కర్నూలు):
చందా సంగతి నుంచే మొదలుపెడతా, ఎందుకంటే ఆ పుస్తకాల గుట్టంతా అక్కడే ఉంది. 1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండాయి. ప్రతి కౌంటీ, ప్రతి పట్టణం తన చరిత్ర రాయించి జూలై 4న చదివించాలని, ఒక ప్రతి కౌంటీ క్లర్కు దగ్గర, ఇంకొకటి కాంగ్రెస్ లైబ్రరీలో పెట్టాలని అక్కడి కాంగ్రెస్ తీర్మానం చేసింది. (అదే ఏడు మన సీమలో ధాత కరువు మొదలైంది. మనకు పట్టాభిషేకాల చరిత్ర కన్నా గంజి కేంద్రాల చరిత్రే ఎక్కువ.) ఆ ఊపు చూసి ప్రచురణ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి ముందే చందా రాయించుకునేవారు. డబ్బు కట్టినాయన జీవిత చరిత్ర, ఇంకా ఎక్కువ కడితే స్టీలు మీద చెక్కిన బొమ్మ. వాటికి జనం పెట్టిన పేరు 'మగ్ బుక్స్', అంటే మొహాల పుస్తకాలు.

కాబట్టి ఒక్కో పుస్తకాన్ని రెండు ముక్కలు చేసి చూడండి. ముందు భాగంలో రోడ్లు, బడులు, చర్చిలు, మిల్లులు, కోర్టు, రైలు వచ్చిన ఏడు ఉంటాయి. ఇది రికార్డులు చూసి రాసింది కనుక చాలావరకు పనికొస్తుంది. వెనక భాగం జీవిత చరిత్రలు. ఆ కుటుంబం చెప్పుకున్న మాటే అచ్చయింది. దివాలా తీసినవాడు, కోర్టుకెక్కినవాడు, కూలీ, నల్లజాతి రైతు అందులో కనపడరు. కథ 'మొదట వచ్చిన తెల్లవాడి'తో మొదలై, అంతకుముందు అక్కడున్న తెగలు ఒక అధ్యాయంలో ముగిసిపోతాయి. మీరు చందాలు ముందే తీసుకుంటే మీ పుస్తకంలోనూ ఇదే జరుగుతుంది. చందా ఇచ్చినాయన తాత గురించి నాలుగు పేజీలు, ఊరి చెరువు గురించి నాలుగు వాక్యాలు.

డబ్బు కావాలంటే తీసుకోండి. అయితే పేరు దాతల పట్టికలో తప్ప లోపల రాదని, ప్రూఫు ఎవరికీ చూపించబోమని రసీదు మీదే రాయండి.

ఇక నమూనా. ఊళ్ల వరుసే మేలు. అక్కడ పశ్చిమాన టౌన్‌షిప్ అంటే 6 మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు, సెక్షన్ 640 ఎకరాలు. 1785 చట్టంతో గీసిన గళ్లు అవి. కౌంటీ పుస్తకాలు ఈ గళ్ల ప్రకారం నడుస్తాయి కాబట్టి ఏ ఊరూ జారిపోదు. మీకు ఆ పని రెవెన్యూ గ్రామం చేస్తుంది. ముందు 40 పేజీల్లో మండలం మొత్తానికి కాలం వరుసన ఒక కథ చెప్పి, తర్వాత ఊళ్లన్నిటికీ ఒకే ప్రశ్నల పట్టీ పెట్టండి: నీటి వనరు, నేల, ఇనాములు, శాసనాలు, గుడి, మసీదు, బడి, ఊరు చోటు మారిందా, వలస ఎటు.

పెన్నేటి అంచు (కడప):
హంద్రీ అన్న చెప్పింది సరే. ఇంకో నమూనా కూడా చూడండి. 1935 నుంచి ఉద్యోగాల్లేని రచయితలకు పని ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ రాష్ట్రానికొక గైడు రాయించింది. వాటిలో ఐడహోది 1937లోనే వచ్చింది. ముందు వ్యాసాలు, తర్వాత నగరాలు, చివర రోడ్డు వెంబడి మైళ్ల లెక్కతో 'టూర్లు'. ఎన్నో మైలు దగ్గర ఏముందో చదువుతూ పోవచ్చు. మండలానికి ఇది భలే సరిపోతుంది. మీ పుస్తకం చివర మూడు దారులు పెట్టి, శాసనం రాయి ఎక్కడుందో కిలోమీటర్లతో రాస్తే చదివినవాడు బండేసుకొని పోయి చూస్తాడు.

ఇప్పుడు మన ఆధారాలు. హంద్రీ అన్న చందా జీవితాల గురించి చెప్పిన జాగ్రత్త మన కైఫియత్తులకూ (కాలిన్ మెకంజీ ఊరూరా రాయించిన ఊరి చరిత్రలు) వర్తిస్తుంది. మెకంజీ మనుషులకు ఊరి సంగతులు చెప్పిన కరణాలకు తమ మిరాసీ (వంశపారంపర్య హక్కు), ఇనాము పాతదని చూపించుకోవలసిన అవసరం ఉంది. అందుకే అగ్రహారం ఎవరో మహారాజు ఇచ్చాడని ఉంటే మూడుచోట్ల సరిచూడండి: శాసనం, 1858లో మొదలైన ఇనాం కమిషన్ వారి ఫెయిర్ రిజిస్టర్ (ఇనాం హక్కుల దస్త్రం), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (ఊరి భూముల, శిస్తుల దస్త్రం). మూడూ ఒకే మాట చెప్పకపోతే, చెప్పలేదనే రాయండి.

ఇక బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చిన జిల్లా వివరాల పుస్తకాలు (మాన్యువల్, గెజిటీర్). కడప జిల్లాకు గ్రిబుల్ మాన్యువల్ 1875, బ్రాకెన్‌బరీ గెజిటీర్ 1915. కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ చెట్టి మాన్యువల్ 1886. అనంతపురం వాళ్లు 1905 ఫ్రాన్సిస్ గెజిటీర్‌తో ఆగిపోతుంటారు. ఆ జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది, కాబట్టి 1872 నాటి కెల్సాల్ బళ్లారి మాన్యువల్ చూడకపోతే సగం పోయినట్టే. మదనపల్లె వైపు 1911కు ముందు సంగతులు కడప దస్త్రాల్లో వెతకాలి. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలే. అమెరికాలోనూ ఇదే తిప్పలు. పశ్చిమ వర్జీనియా 1863లో విడిపోయింది గనుక అంతకుముందు కాగితాలకు వర్జీనియా వైపు చూడాల్సిందే. మీరు మొదటి పేజీల్లోనే ఒక పట్టిక వేయండి: ఏ ఏడు ఈ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా. 1985 మండలాలు, 2022 కొత్త జిల్లాలు కూడా అందులో రావాలి.

తేదీలు: శక సంవత్సరానికి 78 కలపండి. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలైతే 79 కావచ్చు. ఫసలీకి (రెవెన్యూ దస్త్రాల్లో వాడే ఏటి లెక్క) 590 కలిపితే ఆ జూలైలో మొదలయ్యే ఏడు వస్తుంది. ఉత్త 'ధాత' అని ఏటి పేరు మాత్రమే ఉంటే 1816, 1876, 1936 ఏదైనా కావచ్చు, రాజు పేరో కలెక్టర్ పేరో దొరికేదాకా తేల్చకండి. రాయి మీద సుద్ద, పిండి రుద్ది ఫోటో తీయొద్దు. పొద్దున ఏటవాలు ఎండలో పక్కనుంచి తీస్తే అక్షరం తనంతట తనే లేస్తుంది.

కుందూగట్టు:
చాలా ఉపయోగం అన్నా. ప్రొద్దుటూరు బజారులాంటి చోట పాత అంగళ్ల పటం వేయొచ్చా? ఫోటోలు, అచ్చు గురించి కూడా ఎవరైనా చెప్పండి.

డెమ్మీ ఫారం (అనంతపురం):
పటానికి అమెరికాలోని శాన్‌బోర్న్ కంపెనీ పటాలు చూడండి. 1867 నుంచి అగ్ని బీమా కోసం గీసినవి, కాంగ్రెస్ లైబ్రరీ సైట్లో ఉచితం. అంగుళానికి 50 అడుగులు. ఇటుక కట్టడానికి గులాబి, చెక్కకు పసుపు, రాతికి నీలం. మీరూ మిద్దె, రాతి ఇల్లు, రేకుల షెడ్డుకు ఒక్కో రంగు పెట్టి, ఏ ఏటి పరిస్థితో పటం మీదే రాయండి. రెండు ఏళ్లు కలిపి ఒకే పటం గీస్తే ఎవరికీ అక్కరకు రాదు.

ఫోటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. 3 అంగుళాల ఫోటోను అచ్చులో 6 అంగుళాల దాకా పెంచుకోవచ్చు, 300 మిగులుతుంది. ఆల్బంకు అంటుకున్నదాన్ని పీకొద్దు, పేజీతోనే స్కాన్ చేయండి. వెనకవైపు కూడా చేయాలి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. వాట్సాప్‌లో పంపించుకున్నది పనికిరాదు, సైజు తగ్గిపోయి వస్తుంది.

డెమ్మీ 1/8 సైజు పుస్తకంలో ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే కాగితానికి) 16 పేజీలు. 200 అంటే పన్నెండున్నర ఫారాలు, కాబట్టి 208కి కుదుర్చుకోండి, 13 ఫారాలు. అమెరికాలో ఆర్కేడియా ప్రచురణ సంస్థ వాళ్ల స్థానిక చరిత్ర బొమ్మల పుస్తకాలు 128 పేజీలు, అంటే సరిగ్గా 8 ఫారాల లెక్క. బొమ్మలే ప్రధానమైతే అది మంచి కొలత, కానీ అందులో రాత ఫోటో కింది నాలుగు వాక్యాలే. ఊళ్ల వివరం అందులో పట్టదు.

అన్నిటికన్నా ముఖ్యం సూచిక. పాత కౌంటీ పుస్తకాలు చాలావాటిలో పేర్ల సూచిక లేక, తర్వాతివాళ్లు విడిగా తయారుచేయాల్సి వచ్చింది. మనకు గండం ఫాంటు. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన మ్యాటరు అకారాది వరుసలో పడదు, వెతికినా దొరకదు. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టించండి. తర్వాత మార్పిస్తే ఒత్తులు చెదిరిపోయి ప్రూఫు మళ్లీ మొదటికొస్తుంది. సూచికలో ఇంటిపేరు ముందు, పక్కన ఊరు. లేకపోతే ఒకే పేరున్న నలుగురు రెడ్లు ఒకే వరుసలో కలిసిపోతారు.

హంద్రీ:
ఇంకొక్కటి. అమెరికా పుస్తకాల్లో 95 ఏళ్లు దాటినవాటికి అక్కడ కాపీహక్కు లేదు, పటాలు, బొమ్మలు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ తర్వాత 1963 దాకా వచ్చినవైతే 28వ ఏట హక్కు తిరగరాయించారో లేదో చూడాలి. మన ప్రభుత్వ ప్రచురణలకు 60 ఏళ్లు. ఊరివాళ్లిచ్చే ఫోటోలకు మాత్రం సంతకంతో కాగితం తీసుకోండి: ఎవరిది, ఈ పుస్తకానికేనా, మళ్లీ అచ్చుకూ ఒప్పుకున్నారా. రెండో ముద్రణప్పుడు వాళ్ల కొడుకులు వచ్చి అడుగుతారు.